కిరాయి కర్రలు, కొన్న కర్రలు, పుల్నాలో దొరికిన వెదురు కర్ర

నేను ట్రెక్కింగ్ మనిషిని కాదు. ఉప్పల్‌లో ఉంటాను, ఇరవై ఎనిమిదేళ్లుగా బడిలో లెక్కలు చెప్తున్నాను. బోర్డు ముందు నిలబడి నిలబడి కుడి మోకాలు అరిగింది. మెట్లు ఎక్కడం పర్వాలేదు కానీ దిగడమే నరకం. పోయిన జూలై ఆఖరులో ఇదే మోకాలితో ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ అనే నేషనల్ పార్క్‌కు, దాని దగ్గర్లో కొండ మీదున్న సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్‌కు వెళ్లొచ్చాను. తోడు మా ఆయన, మా వదిన. వదిన అంటే మా ఆయనకు అక్క, అరవై దాటింది. ముగ్గురి చేతుల్లో మూడు రకాల కర్రలు. ఎవరి పంతం వాళ్లు నెగ్గించుకోవడంతో అలా కుదిరింది. దానివల్ల ఒకే దారిలో, ఒకే వానలో మూడింటినీ పోల్చి చూసే అవకాశం దొరికింది కాబట్టి రాస్తున్నాను.

నేషనల్ పార్క్‌కు వెళ్తున్నామని స్టాఫ్ రూమ్‌లో చెబితే "కేబీఆరా మేడమ్?" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. మన ఊళ్లో కేబీఆర్, వనస్థలిపురంలో హరిణ వనస్థలి, చిలుకూరు దగ్గర మృగవని, మూడూ నేషనల్ పార్కులే. మూడింట్లో ఎక్కడా కర్రతో పని పడదు. అందుకే హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ పోల్స్, అంటే కొండ నడకలో ఊతంగా పట్టుకునే కర్రలు అనగానే ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు.

పోల్స్ మాట ముందు ఎత్తింది మా ఫిజియోథెరపీ అమ్మాయి. "ఆంటీ, రెండు పోల్స్ లేకుండా కొండ దిగొద్దు. ఒకటి కాదు, రెండు" అంది. లెక్కల మనిషిని కదా, ఎంత తేడా వస్తుందో వెతికాను. వాలులో పోల్స్ వాడి దిగితే మోకాలి మీద పడే బలం 12 నుంచి 25 శాతం దాకా తగ్గిందని 1999లో ఆస్ట్రియా పరిశోధకులు కొలిచి చెప్పారట. నా మోకాలికి పది శాతం తగ్గినా పండగే.

మా అబ్బాయి "కొనేయ్ అమ్మా" అన్నాడు. మా ఆయన "ముసలోళ్ల కర్ర నాకెందుకు, నాకొద్దు" అన్నారు. ఆయన వయసు యాభై ఎనిమిది. వదిన మాత్రం ఎవరితో ఒక్క మాట అనకుండా ఆన్‌లైన్‌లో 899 రూపాయలకు ఒక జత తెప్పించేసుకుంది. నేనేమో జీవితంలో ఒక్కసారి వెళ్లేదానికి కొనడమెందుకని కిరాయికి తీసుకున్నాను.

కిరాయి షాపు హైటెక్ సిటీ వైపు ఉంది. మెట్రో ఉప్పల్ నుంచి నేరుగా వెళ్తుంది, మారే పని లేదు. షాపు పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, రెయిన్‌కోట్లు అన్నీ కిరాయికి ఇస్తారు. జత పోల్స్ రోజుకు 80 రూపాయలు, డిపాజిట్ 1,500. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు కానీ నా ఎత్తు అడగలేదు. 120 సెంటీమీటర్ల దగ్గర బిగించి చేతిలో పెట్టేశాడు. పట్టుకుంటే మోచేతులు చంకల దాకా లేచాయి, వంటింటి అటక మీద డబ్బాలు దించుతున్నట్టు.

ఈ కొలత గురించి రెండు ముక్కలు చెప్పాలి. కర్ర నేలకు ఆనించి పట్టుకుంటే మోచెయ్యి ఎల్ ఆకారంలో, సరిగ్గా తొంభై డిగ్రీలకు మడవాలి. ఉజ్జాయింపుగా మన ఎత్తును 0.68తో గుణిస్తే వస్తుంది. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, అంటే 107. ఎక్కేటప్పుడు ఓ ఐదు, పది సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. పోల్ సాధారణంగా మూడు గొట్టాలుగా ఉంటుంది, గొట్టం మీద అంకెలు ఉంటాయి. కింది గొట్టాన్ని ఒక అంకె దగ్గర బిగించేసి, దారిలో సర్దుకోవడానికి పై గొట్టాన్ని మాత్రమే కదిపితే సులువు. స్టాప్ అని గీత ఉంటుంది, అది దాటించి లాగకూడదు. ఇదంతా కౌంటర్‌లో ఎవరూ చెప్పరు. పొట్టివాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మా వదిన ఐదడుగులు కూడా లేదు. ఆమె కొన్నవాటి మీద అంకెలు 105 నుంచి మొదలవుతాయి. ఎక్కేటప్పుడు ఆమెకు 95 కావాలి. అంకెలు లేనిచోట అంచనాగా బిగించుకోవాల్సి వచ్చింది.

నాకు ఇచ్చినవి అల్యూమినియం పోల్స్. బరువు పరంగా కార్బన్‌వి తేలిక, కానీ రాళ్ల మధ్య ఇరుక్కుని పక్కకు ఒత్తిడి పడితే అవి పుటుక్కున విరుగుతాయి, అల్యూమినియం అయితే వంగుతుంది. వంగినదాన్ని ఎలాగోలా ఇంటిదాకా తెచ్చుకోవచ్చు. నావి క్లిప్పు లాక్‌వి, అంటే బయట చిన్న లివర్ ఉంటుంది, టక్కున మూస్తే బిగుస్తుంది. వదినవి తిప్పి బిగించే రకం. గొట్టం లోపల ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. గొట్టాన్ని తిప్పితే అది ఉబ్బి లోపలి గోడకు పట్టుకుంటుంది. బయటినుంచి చూస్తే ఇదే నాజూకుగా ఉంటుంది. వదిన నా క్లిప్పుల్ని చూసి "నీవి బట్టలారేసే క్లిప్పుల్లా ఉన్నాయే" అంది కూడా.

వెళ్లడానికి రెండు వారాల ముందు ఒక ఆదివారం భువనగిరి కోటకు వెళ్లి ప్రాక్టీస్ చేశాం. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే గంటలో అక్కడుంటాం. కొండంతా ఒకటే బండ, నున్నటిది. ఇక్కడే నేను మొదటి పాఠం నేర్చుకున్నాను. పోల్ కింద ఉండే ఇనుప మొన బండ మీద కిర్రుమని జారింది. రబ్బరు టోపీ తొడిగితే పట్టు దొరికింది. బండ, సిమెంటు, పేర్చిన రాళ్లు అయితే టోపీ పెట్టాలి. మట్టి, గడ్డి, మంచు అయితే తీసేయాలి. ఆ టోపీలు విడిగా ఉంటాయి, చాలా తేలిగ్గా పోతాయి. కిరాయి జతకు ఒక టోపీ తక్కువే ఇచ్చారని భువనగిరి మెట్ల మీద గానీ నేను చూసుకోలేదు. తర్వాత ఫోన్ చేస్తే "వచ్చి తీసుకోండి మేడమ్" అన్నారు. టోపీ కోసం ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి!

(ఆ ప్రాక్టీస్ ఆదివారానికి విడిగా రెండు రోజుల కిరాయి కట్టాను. దాన్ని కింది లెక్కలో కలపలేదు, అది నా సరదా ఖర్చు.)

రెండో పాఠం పట్టీ గురించి. చేతికి ఉండే పట్టీలోకి పైనుంచి చెయ్యి దూర్చేస్తారు చాలామంది. కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. అప్పుడు బరువు పట్టీ మీద పడుతుంది, పిడిని గట్టిగా నొక్కి పట్టుకోనక్కర్లేదు. వదినకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "గాజులకు అడ్డం పడుతోంది" అని పట్టీ వదిలేసింది. తర్వాత గాజులే తీసేసింది, అది వేరే కథ.

ప్యాకింగ్‌లో ఒక చిక్కు వచ్చింది. పూర్తిగా ముడిచినా నా పోల్స్ 63 సెంటీమీటర్లు ఉన్నాయి. చిన్న సూట్‌కేసులో పట్టవు. పెద్ద బ్యాగులో ఐమూలగా పెట్టి, మొనలకు పాత సాక్సులు తొడిగి చెక్-ఇన్‌లో వేశాం. క్యాబిన్‌లోకి తీసుకెళ్దామనే ఆలోచన పెట్టుకోవద్దు, సెక్యూరిటీ దగ్గర టెన్షన్ తప్ప ఏం లాభం లేదు. మూడు మడతలుగా టెంటు కర్రల్లా మడిచేవి కూడా ఉంటాయి, అవి దాదాపు సగం పొడవుకు వచ్చేస్తాయి. విమానంలో వెళ్లేవాళ్లు కొనేటప్పుడు అది చూసుకుంటే మంచిది.

డెహ్రాడూన్‌లో దిగాం, రిషికేశ్‌లో పడుకున్నాం. జోషీమఠ్ దారిలో కొండచరియ విరిగిపడి అరపూట కార్లోనే కూర్చున్నాం. మా ఆయన బిస్కెట్ తింటూ "ఇక్కడ కూర్చున్నందుకు కూడా నీ కర్రలకు కిరాయేనా?" అన్నారు. అవును, కిరాయే. అప్పుడు నవ్వాను గానీ తర్వాత లెక్క చూస్తే నవ్వు రాలేదు.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపులు ఉంటాయి. అక్కణ్నుంచి, పైన బస చేసే ఊరు ఘంగరియా దాకా తొమ్మిది, పది కిలోమీటర్ల నడక. మొదటి కిలోమీటరులోనే, ముసలోళ్ల కర్ర వద్దన్న మనిషి ఆగిపోయి, దారి పక్కన అమ్ముతున్న వెదురు కర్ర 60 రూపాయలు పెట్టి కొన్నారు. నేనేమీ అనలేదు. వదిన వదల్లేదు. "ఒరేయ్ తమ్ముడూ, ముసలోడివైపోయావా?" అంది.

ఘంగరియా దారంతా రాళ్లు పేర్చిన బాట. కంచర గాడిదలు, వాటి పేడ, వాన, బురద. ఈ దారిలో మూడు కర్రలూ బాగానే పనిచేశాయి. ఎక్కుడు కాబట్టి పోల్స్ కుదించుకుని, ఎదురు కాలితో కలిపి వేసుకుంటూ వెళ్తే భుజాలు కూడా కొంత పని పంచుకుంటాయి. మూడో గంటలో ఆ తేడా తెలిసింది. కంచర గాడిద వస్తే మాత్రం కొండ వైపుకు ఒదిగి, రెండు పోల్స్‌నూ దగ్గరగా పట్టుకుని నిలబడాలి. లోయ వైపు అసలు నిలబడొద్దు.

మర్నాడు వ్యాలీ. 1982లో నేషనల్ పార్క్ అయింది, జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంచుతారు. లోపల రాత్రి ఉండనివ్వరు, పొద్దున వెళ్లి సాయంత్రానికి బయటికి వచ్చేయాలి. ఘంగరియా మూడు వేల మీటర్ల ఎత్తు, అక్కణ్నుంచి వ్యాలీ మూడు, నాలుగు కిలోమీటర్లు. వాగుల మీద చిన్న వంతెనలు, తడి రాళ్లు. లోపలికి వెళ్లాక దారి మట్టిబాట, రెండు పక్కలా నడుము ఎత్తు మొక్కలు. ఇక్కడ పోల్స్ వాడే పద్ధతి మారాలి. మొనను బాట మీదే దించాలి, పక్కన మొక్కల్లో గుచ్చకూడదు. నా ముందు వెళ్తున్న ఒక గుంపు పోల్‌తో పూలను పక్కకు తోస్తూ ఫోటోలు తీసుకుంటుంటే చూడలేక వదిన హిందీలో గట్టిగానే చెప్పింది.

లోపల జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. 1939లో మొక్కల్ని సేకరించడానికి వచ్చి, వాలులో జారిపడి చనిపోయిందట పాపం. వదిన ఆ రాయి ముందు కాసేపు నిలబడి, "ఆమె చేతిలో కర్ర ఉందో లేదో" అంది. వ్యాలీ గురించి ఇంకా చాలా రాయొచ్చు కానీ ఇది కర్రల రివ్యూ.

అసలు పరీక్ష మూడో రోజు, హేమకుండ్. ఘంగరియా నుంచి ఆరు కిలోమీటర్ల దారి, ఆ ఆరు కిలోమీటర్లలో పన్నెండు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. అంతా మెలికలు మెలికల రాతి బాట. వదిన కంచర గాడిద మీద ఎక్కింది. మేమిద్దరం నడిచాం. సరస్సు దగ్గర గురుద్వారా వాళ్లు పోసిన వేడి టీ, పెట్టిన కిచిడీ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. లక్ష్మణుడి గుడిలో దండం పెట్టుకుని దిగడం మొదలుపెట్టాం. వదిన "దిగడమేగా, నడుస్తా" అంది.

వాన సన్నగా పడుతూనే ఉంది. రెండో మెలిక దాటాక వదిన కుడిచేతి పోల్ మీద బరువు వేసింది. అది చడీచప్పుడు లేకుండా లోపలికి కూరుకుపోయింది. 110 ఉన్నది 80కి వచ్చేసింది. ఆమె పక్కకు ఒరిగి రాతి మీద కూలబడింది. అరచెయ్యి గీరుకుపోయింది, ఇంకేం కాలేదు, దేవుడి దయ. లేపి కూర్చోబెట్టి గొట్టం విప్పి చూస్తే లోపల నీళ్లు, బురద చెమ్మ, ఆ ప్లాస్టిక్ ముక్క నున్నగా అరిగిపోయి ఉంది. తుడిచి, ఎంత బలంగా తిప్పినా పట్టుకోవడం లేదు. రెండో పోల్‌కు దీనికి వ్యతిరేకమైన జబ్బు. ఆమె పొద్దున భయపడి ఎంత గట్టిగా బిగించిందో, ఇప్పుడు ఎవరూ విప్పలేకపోయారు. ఒకటి నిలవదు, ఒకటి కదలదు!

తిప్పే లాక్ ఉన్నవన్నీ చెత్తే అనను. పొడిగా ఉన్నప్పుడు, ప్రతి సాయంత్రం గొట్టాలు విడదీసి ఆరబెట్టి, ఆ ముక్కను తుడిచి పెట్టుకుంటే బాగానే పనిచేయొచ్చు. మేం రెండు రాత్రులూ తడిసినవాటిని తడిగానే ముడిచి మూల నిలబెట్టాం. ఆ తప్పు మాదే. కానీ క్లిప్పు లాక్‌లో ఒక సుఖం ఉంది, అది వదులైతే కంటికి కనబడుతుంది. నా పోల్ ఒకటి అప్పటికే కొంచెం జారుతుంటే, లివర్ పక్కనున్న చిన్న మరను రూపాయి బిళ్లతో పావు వంతు తిప్పాను. దిగిపోయేదాకా మళ్లీ కదల్లేదు. లోపల దాక్కున్న లాక్‌ను కొండ మీద వానలో బాగుచేయడం మనవల్ల కాదు.

సరే, ఇప్పుడు ముగ్గురికీ కలిపి బాగున్నవి నా రెండు పోల్స్, ఒక వెదురు కర్ర. మా ఆయన వెదురు కర్ర అక్కకు ఇచ్చేశారు. నా పోల్ ఒకటి ఆయన తీసుకున్నారు. నాకు ఒకటే మిగిలింది. అప్పుడు తెలిసింది ఫిజియో అమ్మాయి "రెండు" అని ఎందుకు నొక్కి చెప్పిందో. ఒక్క పోల్ ఉన్నా జారిపడకుండా కాపాడుతుంది, ఆ మేరకు సరిపోతుంది. కానీ ఎత్తు మెట్టు దిగేటప్పుడు రెండు పోల్స్‌నూ ముందు కిందికి దించి, వాటి మీద ఒరిగి, తర్వాత కాలు వేసే సుఖం పోయింది. ఒకవైపే బరువు పడి రాత్రికి ఎడమ భుజం పట్టేసింది. మోకాలు మాత్రం, నమ్మండి, భువనగిరి దిగినప్పటి కంటే తక్కువ వాచింది.

వెదురు కర్రకు మర్యాద దక్కాలి. దానికి లాక్ లేదు కాబట్టి చెడిపోదు. కుదించడం, పెంచడం లేదు కానీ ఎక్కేటప్పుడు కింద, దిగేటప్పుడు పైన పట్టుకుంటే అదే సర్దుబాటు. వదినకు పట్టీ గొడవ కూడా లేదు. మా ఆయనది మాత్రం కింది కొస మూడో రోజుకు బ్రష్షులా చీలింది, తడి చేతికి పెచ్చులు గుచ్చుకుంటుంటే జేబురుమాలు చుట్టారు. మోకాళ్లు బాగున్నవాళ్లు, ఒక్క చేతికి చాలనుకునేవాళ్లు హైదరాబాద్ నుంచి ఏమీ మోసుకెళ్లక్కర్లేదు. పుల్నాలో 60 రూపాయలు పారేస్తే చాలు. దిగొచ్చాక ఆ కర్రను మా ఆయన, అప్పుడే పైకి బయల్దేరుతున్న ఒక పెద్దాయన చేతిలో పెట్టారు. చీలిన కొస చూసి కూడా ఆయన సంతోషంగానే తీసుకున్నాడు.

ఇప్పుడు కిరాయి లెక్క. శుక్రవారం సాయంత్రం తీసుకున్నాను. పై వారం ఆదివారం రాత్రి హైదరాబాద్ చేరాం. సోమవారం షాపుకు వెళ్తే వారాంతపు రద్దీ తర్వాత వాళ్లకు సెలవట, షట్టర్ వేసి ఉంది. మంగళవారం ఇచ్చాను. తీసుకున్న శుక్రవారం, మూసి ఉన్న సోమవారం కూడా కలిపి 12 రోజులు, 960 రూపాయలు పట్టుకున్నారు. సోమవారం మీరే మూశారు కదా అంటే సిస్టమ్ అలా తీసుకుందన్నారు. తర్వాత కుర్రాడు మొనను వేలితో తడిమి, "టిప్ అరిగింది మేడమ్" అని డిపాజిట్‌లో 150 కోసుకున్నాడు. అది నేను తీసుకునేటప్పటికే మొద్దుగా ఉందని నాకు తెలుసు, భువనగిరి బండ మీద జారింది అందుకే కొంత. కానీ ఫోటో తీసుకోలేదు. ఫోటో లేనిదానికి ఏం వాదించను? మొత్తం 1,110. నిజంగా నడిచింది నాలుగు రోజులు. అంటే నడిచిన రోజుకు 277 రూపాయలు పైనే. అదే షాపులో క్లిప్పు లాక్ ఉన్న కొత్త అల్యూమినియం జత 2,400 అని అద్దాల వెనక వేలాడుతోంది.

కాబట్టి నా మాట ఇది. కిరాయి లాభం ఎప్పుడంటే, నడిచే రోజులు, చేతిలో ఉంచుకునే రోజులు దాదాపు సమానంగా ఉన్నప్పుడు. శని, ఆదివారాలు అనంతగిరి వెళ్లొచ్చేవాళ్లు హాయిగా కిరాయికి తీసుకోవచ్చు. హిమాలయాలకు అయితే సగం రోజులు రైళ్లు, విమానాలు, కార్లకే పోతాయి, మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తీసుకునేవాళ్లు కౌంటర్ దగ్గరే పోల్‌ను పూర్తిగా చాపి, లాక్ వేసి, ఒంటి బరువంతా దాని మీద మోపి చూడండి. జారితే అక్కడే తెలుస్తుంది. రబ్బరు టోపీలు లెక్కపెట్టండి. మొనకు, గొట్టాలకు దగ్గర్నుంచి ఫోటో తీయండి, కుర్రాడు చూస్తుండగానే తీయండి. షాపుకు సెలవు ఏ రోజో అడగండి.

899 జత సంగతి అడుగుతారేమో, అది వాపసు ఇచ్చే గడువు మేం కొండ మీద ఉండగానే దాటిపోయింది. విప్పుకోని పోల్‌తో వదిన ఇప్పుడు బాల్కనీలో పావురాల్ని తోలుతోంది. ఆ పనికి నాలుగు నక్షత్రాలు ఇవ్వొచ్చు.

నేను చివరికి క్లిప్పు లాక్ జత కొన్నాను, వేరే షాపులో. పిడికి స్పాంజి ఉన్నవి, చెమట పట్టినా జారవు. మొనలు మరతో ఊడదీసి మార్చుకోవచ్చా అని ముందే అడిగి మరీ తీసుకున్నాను. వచ్చే నెల ఎదురింటివాళ్లు అదే వ్యాలీకి వెళ్తూ వాటిని అడిగారు. తీసుకెళ్లమన్నాను. కిరాయి వద్దు, రోజూ రాత్రి విప్పి ఆరబెడితే చాలని చెప్పాను. ఫోటో మాత్రం తీసి పెట్టుకున్నాను.